పాత డ్రిల్ మిషన్: పార్టు దొరక్కపోతే కొలత పట్టుకుని వెతకండి

కంపెనీ పార్టులు ఆపేసిందని మంచి మిషన్‌ను పాత ఇనుముకు వేసేయకండి. అరిగే పార్టుల్లో చాలావరకు కొలత కుదిరితే ఎవరు చేసినవైనా పడతాయి. ప్లగ్ తీసేసి, ఒక్కో దశ ఫోటో తీసుకుంటూ విప్పండి.

ఆగి ఆగి తిరుగుతోంది, లోపల నిప్పురవ్వలు

ముందు కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న బొగ్గు దిమ్మెలు) చూడండి. బాగా పొట్టివైపోతే స్ప్రింగు వాటిని కమ్యుటేటర్‌కు (తిరిగే భాగం మీద చుట్టూ ఉండే రాగి పట్టీలకు) గట్టిగా అదమలేదు. వెర్నియర్‌తో (మి.మీ.లో సన్నని కొలతలు తీసే పనిముట్టు) మందం, వెడల్పు కొలవండి. పొడవుకు మాత్రం అరిగిన బ్రష్‌ను నమ్మకండి, హోల్డర్ (బ్రష్ కూర్చునే గూడు) లోతు చూడండి. అంగుళాల లెక్కన చేసిన మిషన్లలో 6.35 మి.మీ. (పావు అంగుళం) లాంటి కొలతలు తగులుతాయి. సరిగ్గా అదే దొరక్కపోతే కాస్త పెద్దది తెచ్చి, అద్దం మీద ఉప్పు కాగితం పరిచి సమంగా రుద్దండి. హోల్డర్‌లో అది సులువుగా జారాలి, ఊగకూడదు. హోల్డర్‌ను మాత్రం ఆకురాయితో రాయొద్దు, అది పాడైతే ఇంకొకటి దొరకడం చాలా కష్టం. బ్రష్‌లు రెండూ ఒకేసారి మార్చండి.

కొత్త బ్రష్‌లు వేసినా కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం

అనుమానం ఆర్మేచర్ (కాయిళ్ళు చుట్టిన, మోటారులో తిరిగే భాగం) మీదే. పక్కపక్క రాగి పట్టీల మధ్య మల్టీమీటర్ పెట్టి నిరోధం (ఓమ్‌లు) చుట్టూ చూస్తూ పోండి. ఒక్కచోట రీడింగ్ బాగా తేడాగా ఉంటే అక్కడ కాయిల్ తెగింది లేదా షార్ట్ అయింది. ఇక్కడ కొలతల ఉపాయం సాగదు. మళ్ళీ వైండింగ్ చేయించాలి, లేదా అదే మోడల్ పాడైన మిషన్ ఇంకొకటి కొనాలి. నేనైతే రెండోదే చేస్తాను: గేర్లు, స్విచ్, బాడీ కూడా చేతికొస్తాయి.

గరగర శబ్దం, షాఫ్ట్ ఊగుతోంది

బేరింగ్ అరిగింది. నంబరు దాని మీదే ఉంటుంది. 608 అంటే లోపలి వ్యాసం 8, బయటిది 22, మందం 7 మి.మీ. నంబరు చెరిగిపోయినా ఈ మూడూ కొలిచి తెచ్చుకోవచ్చు. గేరు పెట్టెలో గట్టిపడిన గ్రీజును కూడా తుడిచి కొత్తది పెట్టండి.

స్విచ్ పనిచేయడం లేదు

దాని మీదున్న వోల్టులు, ఆంపియర్లకు తగ్గనిది, అదే చోట ఇమిడేది వెతకండి.

ఇనుప బాడీ ముట్టుకుంటే షాక్

వెంటనే పక్కన పెట్టేయండి. వైరు మిషన్‌లోకి దూరే చోట పగిలి ఉండొచ్చు, ఎర్త్ తెగి ఉండొచ్చు, కాయిల్ ఇన్సులేషన్ పోయి ఉండొచ్చు. మూడు తీగల వైరు ఉన్న మిషన్‌కు మళ్ళీ మూడు తీగలదే వేయాలి. ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) ఇన్సులేషన్ పరీక్షించేదాకా దాన్ని ప్లగ్‌లో పెట్టొద్దు.