రిటైరై అమెరికా నుంచి ఇండియా వచ్చేస్తున్నారా? మెడికేర్ సంగతి ముందే చూసుకోండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కట్టదు. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుని మిగతావి ఆలోచించండి.

అక్కడ పదేళ్లు మెడికేర్ పన్ను కట్టినవాళ్లకు పార్ట్ ఎ (ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుల భాగం) ప్రీమియం లేకుండానే వస్తుంది, ఇండియాలో ఉన్నా పోదు కాబట్టి వదులుకోకండి, కానీ వాడుకోవాలంటే అమెరికా వెళ్లాల్సిందే.

అసలు టెన్షన్ పార్ట్ బి (డాక్టర్ ఫీజులు, పరీక్షల భాగం, దీనికి నెలనెలా ప్రీమియం కట్టాలి) దగ్గరే. ఇక్కడ వాడనిదానికి నెలనెలా ఎందుకని ఆపేసే ముందు లెక్క వేసుకోండి: అది లేకుండా గడిచిన ప్రతి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, అంటే ఐదేళ్ల తర్వాత తిరిగి వెళ్తే 50 శాతం ఎక్కువ, అదీ జీవితాంతం. పైగా చేరేది జనవరి 1 నుంచి మార్చి 31 లోపే, కవరేజీ మరుసటి నెల నుంచి. ఏప్రిల్‌లో దిగితే మళ్లీ జనవరి దాకా ఆగాలి! పిల్లలు అక్కడే ఉండి, పెద్ద జబ్బు చేస్తే వెళ్లిపోదాం అనుకునేవాళ్లు కడుతూ ఉండటమే మేలని నా గట్టి అభిప్రాయం.

- పార్ట్ డి (మందుల బీమా), అడ్వాంటేజ్ ప్లాన్లు (ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునే మెడికేర్) అక్కడ నివాసం ఉంటేనే. తిరిగి వెళ్లాక చేరడానికి రెండు నెలల గడువుంటుంది, దాటనివ్వకండి.
- కొన్ని మెడిగ్యాప్ ప్లాన్లు (మెడికేర్ కట్టని ఖర్చులకు తీసుకునే అదనపు పాలసీలు) విదేశీ ఎమర్జెన్సీకి ఇస్తాయి, అదీ ప్రయాణం మొదటి 60 రోజులకే. స్థిరపడేవాళ్లకు దాన్ని నమ్ముకుంటే లాభం లేదు.
- ఇక్కడి హెల్త్ పాలసీ రాగానే తీసుకోండి. బీపీ, షుగర్ దాచొద్దు, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆ కాలానికి డబ్బు విడిగా ఉంచుకోండి.
- సోషల్ సెక్యూరిటీలో అడ్రస్ మార్పించాకే విమానం ఎక్కండి.