పాత లండన్ కార్టూన్ ప్రింట్లు కొంటున్నారా, రంగు సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి

1780ల నుంచి 1820ల దాకా లండన్‌లో గిల్‌రే, రౌలాండ్సన్, క్రుక్‌షాంక్ లాంటోళ్లు రాజునీ మంత్రులనీ కంపెనీ దొరలనీ ఏకిపారేస్తూ వేసిన ప్రింట్లు ఉన్నాయి కదా, రాగి పలకతో గీత అచ్చేసి ఆ తర్వాత చేత్తో వాటర్ కలర్ అద్దినవి, వాటి గురించే ఇదంతా. మనకి ఇంట్రెస్ట్ ఎందుకంటే మన కథ కూడా అందులో ఉంటది. 1791 డిసెంబర్లో గిల్‌రే వేసిన దాంట్లో కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం నుంచి తోక ముడుస్తుంటాడు, కోట గోడ మీద నుంచి టిప్పు ఏం చేస్తుంటాడో ఇక్కడ రాయలేను, మీరే చూస్కోండి.

ముందు పైసలు తియ్యకండి. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో వేలకొద్దీ ఫ్రీగా ఉన్నాయి, ఒక్కోదానికి కేటలాగ్ నంబర్ ఉంటది, అమ్మేవాళ్లు కూడా అదే నంబర్ చెప్తారు. కొనాలనుకున్నదాన్ని దాని పక్కన పెట్టి గీత గీత పోల్చండి.

చేతికొచ్చాక వాచ్ రిపేర్ వాళ్లు కంటికి పెట్టుకునే అద్దం లాంటిది పెట్టి చూడండి, బొమ్మంతా వరసలు కట్టిన సన్న చుక్కలు కనిపిస్తే అది ఈ మధ్య అచ్చేసిన కాపీ, అక్కడితో ఆపేయండి. అసలుదైతే గీత కొంచెం ఉబ్బి వేలికి తగుల్తది, బొమ్మ చుట్టూ పలక నొక్కిన గుంట గీత ఉంటది (అంచులు కోసేసి ఉంటే అది పోతది). కింద పబ్లిషర్ పేరు, అడ్రస్, తేదీ ఉంటాయి, 1735 కాపీరైట్ చట్టం వల్ల వచ్చిన అలవాటది. గిల్‌రేవి ఎక్కువగా హన్నా హంఫ్రీ షాపువే. ఆ లైన్ కోసేసి ఉంటే గట్టిగా బేరమాడండి.

ఇప్పుడు అసలు లొల్లి. గిల్‌రే 1815లో పోయాడు గానీ పలకలు పోలేదు, బోన్ అనే పబ్లిషర్ 1850 ప్రాంతంలో వాటితోనే మళ్లీ అచ్చేశాడు, మందం కాగితం, చాలావాటికి రెండు వైపులా బొమ్మలే, రంగు లేదు. తర్వాత ఎవరో రంగులేసి పాత ధరకి అమ్ముతుంటారు, అదే పలక కాబట్టి గీతా నిజమే గుంటా నిజమే, పడిపోయేది అక్కడే. తిప్పి చూడండి, వెనక ఇంకో బొమ్మ ఉంటే కథ అయిపోయినట్టే. లేకపోతే వెలుతురుకి పట్టి వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే లోపల పడే గుర్తు) చూడండి, 1794 తర్వాతి కాగితాల్లో చాలావాటికి వాట్మన్ లాంటి కాగితం తయారీదారు పేరుతో పాటు సంవత్సరం కూడా ఉంటది, అది కింద అచ్చైన తేదీ కంటే తర్వాతిదైతే తర్వాత తీసిన ప్రతి అన్నట్టు. రంగు మెరుస్తుంది కాబట్టి దొంగది అనుకోవద్దు, ఆల్బమ్‌లో మూసి ఉన్నవి ఇప్పటికీ మెరుస్తాయి. రాగి కలిసిన పాత ఆకుపచ్చ రంగు ఆ కాగితాన్ని తినేసి వెనకవైపు గోధుమరంగు మరక తేలితే మాత్రం నాకు నమ్మకం పెరుగుతది.

వానిటీ ఫెయిర్ అనే లండన్ పత్రిక బొమ్మల్ని కూడా కొందరు చేత్తో రంగులద్దినవని అంటగడతారు. కాదు, అవి 1869 నుంచి వచ్చిన కలర్ లిథోలు, అంటే రాతి పలకలతో రంగులు కూడా అచ్చేసినవి. మొదలుపెట్టడానికి మంచివే, చవక కూడా.

మన హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల ఫుట్‌పాత్, చౌక్ పాత సామాన్ల షాపులు తిరగొచ్చు, కానీ దొరికేవి ఎక్కువగా పాత పుస్తకంలోంచి చింపిన పేజీలో, ఫ్రేమ్ కట్టిన కాపీలో. మంచిది కావాలంటే బయట దేశం డీలర్ల దగ్గరే కొనాలి, వెనకవైపు ఫొటో, వెలుతురుకి పట్టిన ఫొటో, కింద లైన్ దగ్గర్నుంచి తీసిన ఫొటో అడగండి, ఫ్రేమ్‌లోంచి తియ్యను అన్నవాడిని వదిలేయండి.

ఇంటికొచ్చాక మన ఫ్రేమ్ షాపాయన ప్లైవుడ్ మీద ఫెవికాల్ పూసి అతికిస్తాడు, అది చేయనివ్వకండి, లామినేషన్ చేయిస్తా అన్నా ఒప్పుకోవద్దు. యాసిడ్ లేని బోర్డు, పైఅంచుకి జపాన్ కాగితం ముక్కలు, గోధుమపిండి జిగురు, అంతే. అద్దానికి బొమ్మ తగలకూడదు, వానాకాలంలో తేమ పట్టి అతుక్కుంటది. ఎండ పడే గోడా నెమ్ము వచ్చే గోడా రెండూ వద్దు. తుప్పురంగు మచ్చలొస్తే బ్లీచ్ జోలికి పోకండి, రంగులు కొట్టుకుపోతాయి.

ఇక్కడ కొని బయట దేశంలో అమ్ముదామన్న ఆలోచన ఉంటే 1972 పురావస్తువుల చట్టం ముందే చదువుకోండి, 100 ఏళ్లు దాటిన కళావస్తువుని మనంతట మనం బయటికి పంపడానికి లేదు.