మొదటిసారి రోజా (రంజాన్ ఉపవాసం) ఉంటున్నారా, ఇది చదవండి

రంజాన్ దగ్గర పడుతుంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు, ఈసారి నేనూ ఉందామనుకుంటున్నా ఎలా అని. మా ఇంట్లో రోజా అనే మాట కంటే ఒక్కపొద్దు అనే మాటే ఎక్కువ. నెలవంక కనపడిన మర్నాటి నుంచి 29 లేదా 30 రోజులు, ఖురాన్ దిగడం మొదలైన నెల ఇది.

అన్నిటికంటే ముందు సహరీ, అంటే తెల్లారకముందు తినే తిండి. నిద్ర మత్తులో ఏం తింటాంలే అని పడుకుండిపోవద్దు, అందులో బర్కత్ (శుభం) ఉందని ప్రవక్తే చెప్పారు. ఫజర్ అజాన్, అంటే తెల్లవారుజాము నమాజ్ పిలుపు లోపు ముగించేయాలి. పచ్చళ్ళు, వేపుళ్ళు తింటే మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోతుంది, మా అమ్మైతే పెరుగన్నం, అరటిపండు, అంతే. నీళ్ళు కూడా చివర్లో చెంబుడు ఎత్తి తాగేయకుండా సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్ నుంచే కొంచెం కొంచెం తాగుతూ ఉండండి. టీ అలవాటున్నవాళ్ళు వారం ముందు నుంచే తగ్గించుకోండి, లేకపోతే మొదటి మూడు రోజులు తలనొప్పి చంపేస్తుంది.

నియ్యత్, అంటే రోజా ఉంటానన్న సంకల్పం, మనసులో అనుకుంటే చాలు. మర్చిపోయి నీళ్ళు తాగేశామని కంగారు పడొద్దు, గుర్తు రాగానే ఆపేయండి, రోజా పోదు. కానీ నోరు కట్టుకుని పక్కోళ్ళ మీద చాడీలు చెప్తే ఆ ఆకలికి అర్థమేముంది చెప్పండి.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తున్నా. ఒంట్లో బాలేనివాళ్ళకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది (బఖరా అనే అధ్యాయం, 185వ వాక్యం), తప్పిన రోజాలకి బదులు తర్వాత ఉండాలి, దాన్నే కజా అంటారు. నెలసరిలో ఉన్నప్పుడు ఉండకూడదు, అవీ తర్వాతే. ఎప్పటికీ ఉండలేని పెద్దవాళ్ళు రోజుకో పేదకి అన్నం పెడతారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొండికెళ్ళకండి, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

సాయంత్రం పొద్దుగూకాక మగ్రిబ్ నమాజ్ టైమ్‌కి ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్ళు. చేతిలో ఖర్జూరం పట్టుకుని అజాన్ కోసం చెవులు రిక్కించి కూర్చునే ఆ రెండు నిమిషాలు, చిన్నపిల్లలు కూడా కిక్కురుమనరు, ఆ టైమ్‌లో దువా చేసుకోండి, అంటే అల్లాహ్‌ని వేడుకోండి. తర్వాత గంజి తాగి నమాజ్ చదివి అప్పుడు అన్నం తినండి, బజ్జీల మీద పడితే రాత్రి చదివే ప్రత్యేక నమాజ్ తరావీహ్‌లో నిలబడలేరు.

జకాత్, అంటే ఏటా ఇచ్చే దానం, స్తోమత ఉన్నవాళ్ళకి పొదుపులో నూటికి రెండున్నర, పండగకి పేదలకిచ్చే ఫిత్రా మాత్రం ఇంట్లో పసిపిల్లల తరఫున కూడా ఇవ్వాలి. పండగ నమాజ్ కంటే ముందే ఇచ్చేయండి, ఆ పేదవాళ్ళ ఇంట్లో కూడా ఆ పొద్దున సేమ్యా వండుకోవాలి కదా.