తుఫానుకు ముందు అపార్ట్‌మెంట్‌లో ఏం చూసుకోవాలి: మొదట నీళ్ల మోటారు

మాది విశాఖపట్నంలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజున అసోసియేషన్ కార్యదర్శిని నేనే. ఆ గాలి గురించి ఊరంతా చెబుతుంది, నేను నీళ్ల గురించి చెబుతాను. గాలి ఒక రోజులో పోయింది, కరెంటు రోజుల తరబడి రాలేదు. సంపు నిండా నీళ్లున్నాయి, జనరేటరూ బాగానే ఉంది. కానీ దాని లైను లిఫ్టుకు, మెట్ల దీపాలకు మాత్రమే ఇచ్చారు, మోటారుకు ఇవ్వలేదు. సంపు మూత తీసి, బకెట్లకు తాళ్లు కట్టి తోడుకున్నాం. అయిదో అంతస్తు పెద్దావిడ మెట్టు మెట్టుకూ బిందె దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తుకోవడం నా కళ్ల ముందే ఉంది.

అందుకే సెప్టెంబరు రాగానే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. జనరేటరు ఆ భారం మోయగలదా అని అడగండి. మోయగలిగితే మోటారుకు కూడా లైను ఇప్పించండి. ఆ తర్వాత ఒక ఆదివారం మెయిన్ ఆపేసి, జనరేటరు మీదే ట్యాంకు నింపి చూడండి. మేము అలా చేసినప్పుడే బ్యాటరీ చచ్చిపోయిందని తెలిసింది. డీజిల్ కూడా ముందే తెచ్చుకోవాలి, ఎందుకంటే కరెంటు లేకపోతే బంకులో పంపూ తిరగకపోవచ్చు.

లెక్క ఇలా వేసుకోండి. మాకు 150 మంది. మనిషికి రోజుకు 40 లీటర్లు అనుకుంటే 6,000 లీటర్లు. 30,000 లీటర్ల సంపు అయిదు రోజులు వస్తుంది, ఎవరూ కార్లు కడగకపోతే. తాగే నీళ్లు ఎవరికి వారు విడిగా పట్టుకోవాలి.

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు సాధారణంగా రెండు మూడు రోజుల ముందు మొదలవుతాయి. చెట్ల కొమ్మలు కొట్టించడం లాంటివి అప్పుడు కుదరవు, అనుమతులు తీసుకుని ముందే చేయించాలి. హెచ్చరిక వచ్చాక నలుగురు మేడ మీదకు వెళ్లండి. పూలకుండీలు, విరిగిన కుర్చీలు, వదులుగా ఉన్న రేకులు, డిష్ యాంటెన్నాలు ఏవీ అక్కడ ఉండకూడదు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి లేచిపోతుంది, నింపి ఉంచండి. వాననీటి గొట్టాల మూతుల దగ్గర ఆకులు చేత్తో తీయండి. ఒక్క పాలిథిన్ సంచి అడ్డం పడినా మేడంతా చెరువవుతుంది, ఆ నీరు లిఫ్టు గదిలోకి దిగుతుంది.

వాచ్‌మన్ కుటుంబాన్ని మరిచిపోవద్దు. చాలాచోట్ల వాళ్ల గది రేకులదే, అదీ పార్కింగ్ పక్కన పల్లంలో. గాలి మొదలు కాకముందే మొదటి అంతస్తులో ఒక ఫ్లాట్ వాళ్లకు ఇవ్వాలి. ఇది దయ కాదు, మన బాధ్యత. ఎవరి ఇల్లు ఇస్తారో సమావేశంలోనే పేరు రాసుకోండి.

సెల్ టవర్లు పడిపోతే వాట్సాప్ గ్రూపు పనికిరాదు. ఏ ఫ్లాట్‌లో ఒంటరి వృద్ధులున్నారు, ఎవరికి డయాలసిస్, ఎవరి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది, ఎవరు ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారు అన్నది కాగితం మీద రాసి అంతస్తుకు ఒకరికి ఇవ్వండి. వాళ్లు పూటకోసారి తలుపు తట్టి రావాలి. ఆక్సిజన్ యంత్రం ఉన్నవాళ్లను ముందే ఆస్పత్రికి దగ్గరగా పంపడం మంచిది.

గాలి మొదలయ్యాక లిఫ్టును మధ్య అంతస్తులో నిలిపి మెయిన్ ఆపేయండి. మంచాలను అద్దాల కిటికీలకు దూరంగా జరపండి, కిటికీ పట్టాల్లోంచి వచ్చే నీటికి పాత దుప్పట్లు పెట్టండి. ఒక మాట పిల్లలకు కూడా చెప్పి ఉంచండి: తుఫాను కన్ను మన మీదుగా వెళ్తే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అయిపోయిందనుకుని కారు చూసుకోవడానికి దిగకూడదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది.

అంతా అయ్యాక తెగిన తీగల దగ్గరకు ఎవరినీ పోనివ్వకండి. బాగుచేయించే ముందు నష్టానికి ఫోటోలు తీయండి, బీమాకు అవి కావాలి. కరెంటు వచ్చినా లిఫ్టు గొయ్యిలో నీళ్లు తోడించి, మీటర్ల పెట్టెను ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా మెయిన్ వేయవద్దు.