పోకర్ టోర్నీలో పెద్ద హ్యాండ్ పోయాక వచ్చే పది నిమిషాలు ఎలా ఆడాలి

గోవాలో, మాండవి నది మీద ఒక కసీనో షిప్పు. శనివారం రాత్రి టోర్నీ, తొమ్మిది మంది టేబుల్. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు కట్టాల్సిన పందేలు, 1,000/2,000 (పెద్దది బిగ్ బ్లైండ్), దాంతోపాటు బిగ్ బ్లైండ్ కట్టేవాడే పెట్టే యాంటీ 2,000. నా ముందు 62,000 చిప్స్ ఉన్నాయి. కటాఫ్‌లో, అంటే బటన్ (డీలర్ గుర్తు ఉన్న సీటు) కంటే ఒక్కటి ముందు సీట్లో కూర్చున్న నాకు రెండు రాజులొచ్చాయి. 4,500కి రెయిజ్ చేశా, అంటే పందెం పెంచా. బటన్ మీదున్న పెద్దాయన 14,000 చేశాడు, నేను ఆల్-ఇన్, అంటే ఉన్నదంతా పెట్టేస్తా అన్నాను, ఆయన ఒక్క సెకను కూడా ఆలోచించకుండా కాల్, తన దగ్గరున్నదంతా కట్టేశాడు. ముక్కలు తిప్పితే ఆసు, రాణి. బోర్డు మీద (అందరికీ చెందే ముక్కలు) 9, 4, 2 పడ్డాయి, తర్వాత 7 పడింది. ఇంక మనదేలే అనుకుని చిప్స్ లాక్కోడానికి చేతులు కూడా ముందుకు చాపాను. చివరి ముక్క ఆసు. ఆయనకి ఆసుల జత, నా రాజులు ఓడిపోయాయి.

ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను, ఆ రోజు నేను వీటిలో ఒక్కటీ చేయలేదు కాబట్టి బాగా గుర్తున్నాయి.

మొదట లెక్క తేలేదాకా కుర్చీలోంచి లేవకండి. ఈ మాటకి నవ్వకండి, చాలామంది షాక్‌లో తమ స్టాక్ (చిప్స్ కుప్ప) అవతలివాళ్ల దానికంటే ఎక్కువుందన్న సంగతే మర్చిపోయి బ్యాగ్ తీసుకుని లేచిపోతారు. అవతలివాళ్ల చిప్స్ డీలర్ లెక్కపెడుతున్నప్పుడు మీరూ లెక్కపెట్టండి, తేడా అనిపిస్తే పాట్ (మధ్యలో పోగైన పందెం) అటు తోసేలోపే అడగండి. ఆయన దగ్గర 50,000 ఉన్నాయి, నా దగ్గర 62,000. అంటే నాకింకా 12,000 మిగిలాయి.

రెండోది, మిగిలినవి చిప్స్‌లో కాదు, బిగ్ బ్లైండ్లలో లెక్కేసుకోండి. 62,000 నుంచి 12,000కి పడిపోయా అనుకుంటే ఏడుపొస్తుంది. 6 బ్లైండ్లు ఉన్నాయి అనుకుంటే ఏం చేయాలో తెలుస్తుంది. పోయిన స్టాక్‌తో పోల్చుకోవడం మొదలుపెడితే మిగిలింది మనకి చిల్లరలా కనిపిస్తుంది, చిల్లరని ఎవడైనా ఎలా ఖర్చుపెడతాడో తెలుసు కదా.

ఇక్కడే కాస్త నిదానంగా చూడాలి. కటాఫ్‌లో హ్యాండ్ (ఒక విడత ఆట) పోయింది, కాబట్టి మళ్లీ బిగ్ బ్లైండ్ నా దగ్గరికి వచ్చేలోపు 5 హ్యాండ్లు ఉన్నాయి, పైసా కట్టకుండా చూడొచ్చు. ఆ ఐదింట్లో నా ముందు అందరూ ఫోల్డ్ చేసిన (ముక్కలు పారేసిన) చోట ఒక జతో, ఆసో, రెండు పెద్ద బొమ్మలో వస్తే ఆల్-ఇన్, లేదంటే ఫోల్డ్. ఊరికే కాల్ చేసి ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) చూద్దాం అనే ముచ్చట 6 బ్లైండ్లతో పనికిరాదు. ఇంత సింపుల్. మరి నేనేం చేశాను? సరిగ్గా తర్వాతి హ్యాండ్‌లోనే, నా ముందు ఒకతను రెయిజ్ చేసి ఉండగా, జాకీ-5తో మొత్తం తోసేశాను. కోపం, అంతే. అతను పదుల జత చూపించాడు. రాజులతో ఓడినందుకు నేను బయటికి పోలేదు, జాకీ-5తో పోయాను.

అందుకే నా సలహా: ఒళ్లు వేడెక్కిందని తెలిస్తే ఒక్క హ్యాండ్ వదిలేసి లేచి వెళ్లండి. వాష్‌రూమ్‌కి వెళ్లి ముఖం కడుక్కోండి, డెక్ మీదకెళ్లి గాలి పీల్చుకోండి. మీ బ్లైండ్ రాలేదు కాబట్టి దానికి ఖర్చేం ఉండదు. చెవులు వేడెక్కడం, చిప్స్ గట్టిగా చప్పుడు చేస్తూ పేర్చడం, ఓడించిన మనిషి వైపే చూస్తుండటం, నాకైతే ఇవే గుర్తులు. మీవి మీరు కనిపెట్టుకోండి. 20, 25 బ్లైండ్లు మిగిలి ఉంటే మాత్రం అసలు తొందరే లేదు, మామూలు ఆట ఆడొచ్చు, పోయింది ఒకే దెబ్బకి రాబట్టాలన్న ఆత్రమే అక్కడ ముంచేది. 1982లో లాస్ వేగాస్‌లో జాక్ స్ట్రాస్ అనే ఆటగాడు ఒక్క చిప్ మిగిలిన చోట నుంచి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచాడని పోకర్ వాళ్లంతా చెప్పుకుంటారు. మనం ఆయన కాదనుకోండి, కానీ 6 బ్లైండ్లంటే ఒక్క చిప్ కంటే చాలా ఎక్కువే.

ఇక ఆ హ్యాండ్ సంగతి. బ్రేక్‌లో ఫోన్ తీసి పొజిషన్, స్టాక్‌లు, ఎవరెంత పెట్టారు, ఏ ముక్కలు అనేది నాలుగు లైన్లలో రాసుకోండి, అప్పుడే విశ్లేషణ వద్దు. ఇంటికెళ్లాక చూసేటప్పుడు చివరి ముక్క మీద చెయ్యి పెట్టి మూసేయండి, డబ్బు లోపలికి వెళ్లిన క్షణంలో ఎవరు ముందున్నారో అదే చూడండి. రాజుల జత మీద ఆసు-రాణి పదిసార్లలో దాదాపు 3 సార్లు గెలుస్తుంది. నాకు ఆ మూడింట్లో ఒకటి తగిలింది, అందులో దిద్దుకోడానికేం లేదు. మీ రాజులకి ఎదురుగా ఆసుల జత లేస్తే అదీ అంతే, తొమ్మిది మంది టేబుల్‌లో మీకు రాజులొచ్చినప్పుడు ఇంకెవరికైనా రెండు ఆసులు ఉండే అవకాశం 4 శాతం లోపే. దానికి భయపడి రాజుల్ని పారేసేవాడు టోర్నీలు ఆడకపోవడం మంచిది.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది మూడో రకం ఓటమి. బోర్డు మీద మీకు ఆసుల జత కుదిరింది, మూడు గంటలుగా నోరు మెదపని మనిషి టర్న్‌లో (నాలుగో ముక్క దగ్గర) ముందు చెక్ అని పందెం కట్టకుండా ఊరుకుని, మీరు కట్టాక రెయిజ్ చేశాడు, మీరు 40 బ్లైండ్లు పెట్టేసి అతని సెట్ (ఒకే రకం ముక్కలు మూడు) చూసి ‘దురదృష్టం’ అన్నారు. అది దురదృష్టం కాదండీ బాబూ, అతని దగ్గర గట్టి ముక్కలున్నాయని ఆ రెయిజే చెప్పింది. నా నోట్స్ తిరగేస్తే బ్యాడ్ బీట్ (ముందుండి కూడా అదృష్టం లేక ఓడినవి) అని రాసుకున్న వాటిలో సగం ఇలాంటివే.

రీ-ఎంట్రీ, అంటే బయటికి పోయాక మళ్లీ డబ్బు కట్టి టోర్నీలోకి రావడం, గురించి ఒక్క మాట. ఎన్నిసార్లు కడతారో హైదరాబాద్‌లో బస్సెక్కే ముందే తేల్చుకోండి, ఆ డబ్బు మాత్రమే విడిగా పెట్టుకోండి. కౌంటర్ దగ్గర నిలబడి తీసుకునే నిర్ణయం నిర్ణయమే కాదు. ఫ్రెండ్‌ని అప్పు అడిగే దాకా వస్తే ఆ రాత్రికి ఆట అయిపోయినట్టే, వెళ్లి అన్నం తినండి.

నేనూ అదే చేశాను. బఫే దగ్గర ఆ పెద్దాయనే ఎదురయ్యాడు, మాట్లాడితే తెలుగాయన. అంత వేగంగా ఎలా కాల్ చేశారు సార్ అని అడిగాను.

‘ఆసు ఉంది కదా తమ్ముడూ, ఎలా వదిలేస్తాం?’

ప్లేటు పక్కన పెట్టి ఫోన్‌లో రాసుకున్నాను: నీలం చొక్కా పెద్దాయన, ఆసు-రాణితో 25 బ్లైండ్లు పెడతాడు, ఫోల్డ్ చేయడు. రేపటి టోర్నీకీ ఉంటాడట.