సిరిమాను లైవ్‌కి గింబల్ కెమెరా కడుతున్నారా, ముందు ఇవి చూసుకోండి

దసరా అయ్యాక వచ్చే మంగళవారమే విజయనగరం పైడితల్లి అమ్మోరి సిరిమాను, అంటే పూజారి పొడవాటి మాను చివర కూర్చుని ఊరేగే పండగ. గుడి ఉన్న మూడు లాంతర్ల దగ్గర మేడల మీద కెమెరా బిగించేవాళ్ళ కోసం ఇది.

– పవర్ ఇచ్చేముందు గింబల్ (కెమెరాని మోటార్లతో తిప్పుతూ, ఊగకుండా పట్టే స్టాండు) లాక్ తీశారా? లాక్‌లో ఉండగానో, లెన్స్ బరువు ఒకవైపుకి లాగుతుండగానో ఆన్ చేస్తే మోటార్లు గింజుకుని గింజుకుని వేడెక్కిపోతాయి, కాలిపోతే పండగపూట విజయనగరంలో స్పేర్ ఎక్కడ తెస్తారు చెప్పండి.

– పీఓఈ ఇంజెక్టర్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకి కరెంటు పంపే డబ్బా) మీద లేబుల్ చదవండి. 24 వోల్టులదీ 48దీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తేడా పడితే బోర్డే పోవచ్చు.

– రెండు కెమెరాలుంటే ఒక్కోటే కలిపి ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) మార్చండి, ఒకే మోడలైతే రెండిటికీ ఫ్యాక్టరీ ఐపీ ఒకటే ఉండొచ్చు. కెమెరా 192.168.0లో, ల్యాప్‌టాప్ 192.168.1లో ఉంటే సాఫ్ట్‌వేర్ ఎంత వెతికినా సాధారణంగా దొరకదు. ల్యాప్‌టాప్ వైఫై కూడా ఆపేయండి, లేకపోతే కేబుల్ వదిలేసి అటు వెతకొచ్చు.

– బొమ్మ వస్తోంది, జాయ్‌స్టిక్‌కి మాత్రం కదలట్లేదా? కేబుల్ పీకకండి బాబూ, సాఫ్ట్‌వేర్‌లో పోర్టు నంబరు చూడండి. సోనీ విస్కా ఐపీ (నెట్‌వర్క్ మీద కెమెరాకి ఆదేశాలు పంపే పద్ధతి) అయితే యూడీపీ 52381, ఫైర్‌వాల్‌లో కూడా వదలాలి.

– పాన్ లిమిట్ (కెమెరా పక్కలకి ఎంతవరకు తిరగాలో హద్దు) పెట్టండి, లేకపోతే కేబుల్ చుట్టేసుకుంటుంది. సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తుంది కదా, గుడివైపు ఒకటి, కోటవైపు ఒకటి ప్రీసెట్ (బటన్ నొక్కగానే కెమెరా తిరిగే చోటు) ముందురోజే సేవ్ చేసేయండి.