సీపీయూ ఫ్యాన్ హోరు: కొత్తది కొనే ముందు కూలర్ నాలుగు మూలల పిన్నులు చూడండి

"సౌండ్ రాని సీపీయూ ఫ్యాన్ ఏది కొనాలి?" అని అడిగిన ప్రతివాళ్లనూ నేను తిరిగి అడిగేది ఒకటే: ప్రాసెసర్ టెంపరేచర్ ఎంత చూపిస్తోంది? చూసి వచ్చినవాళ్లు అరుదు.

అసలు ఆ సౌండ్ ఎక్కడిదో ముందు తేల్చండి. క్యాబినెట్ పక్క డోర్ తీసి, సీపీయూ ఫ్యాన్ నడిమి స్టిక్కర్ మీద రెండు సెకన్లు వేలితో మెల్లగా నొక్కి ఆపండి. రెక్కల్లో వేలు పెట్టకండి. అయినా హోరు తగ్గకపోతే అది ఎస్‌ఎంపీఎస్‌దో (కరెంటు సరఫరా చేసే డబ్బా), గ్రాఫిక్స్ కార్డుదో. కూలర్ (ప్రాసెసర్ మీది హీట్‌సింక్ అనే లోహపు దిమ్మ, దాని ఫ్యాన్) మార్చి లాభం లేదు.

ఆన్ చేసింది మొదలు ఆపేదాకా ఒకటే హోరు

వైరు చివర మూడు పిన్నులున్న ఫ్యాన్‌ను మదర్‌బోర్డు మీది నాలుగు పిన్నుల కనెక్టర్‌కు పెట్టి, బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) పీడబ్ల్యూఎం అనే ఉంచేసి ఉంటారు. అంటే స్పీడును నాలుగో వైరు సిగ్నల్‌తో మార్చే పద్ధతి. ఆ ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం సిగ్నల్ అందే వైరే లేదు కాబట్టి 12 వోల్టుల మీద ఫుల్ స్పీడులో తిరుగుతుంది. వోల్టేజీతో స్పీడు మార్చే డీసీ మోడ్‌కు మార్చండి, అంతే.

కరకర, టిక్‌టిక్

రెక్కలకు వైరు తగులుతోందేమో చూడండి. కాదంటే బేరింగ్ పోయినట్టే. నూనె చుక్క వేస్తే నాలుగు రోజులు ఊరుకుంటుంది, మళ్లీ మొదలు.

బ్రౌజర్ తెరవగానే రయ్యిమని లేవడం

నన్ను ఏడిపించింది ఇదే. ఇల్లు మారాక నా సిస్టమ్ ఇలా అరవడం మొదలుపెట్టింది. దుమ్ము దులిపాను, ఫ్యాన్ మార్చాను, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ కూడా పైపైన మార్చాను. చివరికి మదర్‌బోర్డు బయటికి తీస్తే తెలిసింది: కూలర్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు మూలల పిన్నుల్లో ఒకటి సగమే దిగి ఉంది. హీట్‌సింక్ ఆ మూల వెంట్రుకవాసి లేచింది. పాపం ఫ్యాన్ తప్పేమీ లేదు, ప్రాసెసర్ వేడి దాని దాకా రావడం లేదు.

ఇంటెల్ ప్రాసెసర్ పెట్టెలో వచ్చే కూలర్లకు ఎక్కువగా ఇలాంటి ప్లాస్టిక్ పిన్నులే ఉంటాయి. పైనుంచి చూస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి, మోసమంతా అక్కడే. టెంపరేచర్ చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టుకుని సిస్టమ్ మీద లోడ్ వేసి (బరువైన పని ఇచ్చి) చూడండి. రెండు మూడు సెకన్లలో 90 డిగ్రీలు దాటేసి, లోడ్ తీయగానే దబ్బున పడిపోతే ముందు ఈ పిన్నులనే అనుమానించండి. నిమిషాల మీద మెల్లగా ఎక్కితే దుమ్ము. (ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో పై మోడళ్లు మాత్రం ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్లేలానే తయారయ్యాయి, కంగారు పడకండి.)

పవర్ తీసేసి బోర్డు వెనక చూడండి. నాలుగు చోట్లా ప్లాస్టిక్ కాళ్లు విచ్చుకుని, మధ్యలో నల్ల పిన్ను కనిపించాలి. ఏదైనా కనిపించకపోతే అదే దొంగ. దాన్నొక్కదాన్నే నొక్కి వదిలేయకండి, పేస్ట్ పొర ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది. కూలర్ మొత్తం తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత పేస్ట్ వేయండి. పిన్నుల మీది బాణం గుర్తు విప్పే దిక్కు, కాబట్టి బిగించే ముందు వాటిని దానికి ఎదురు దిక్కున చివరిదాకా తిప్పి ఉంచాలి. ఐమూలగా ఉన్న రెండు పిన్నులు ఒకేసారి నొక్కండి, తర్వాత మిగతా రెండు. టక్‌మని వినిపించాలి. ఆఖర్న మళ్లీ వెనక చూడండి.

సెన్సార్ చెడిపోవడం, బయోస్ బగ్ లాంటివి వంద అనుమానాల తర్వాత.

అన్నీ బాగున్నా సౌండ్ నచ్చడం లేదా?

అప్పుడు కొనండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న, నిలువుగా లేచి ఉండే టవర్ కూలర్, ఫ్యాన్ వైరుకు నాలుగు పిన్నుల కనెక్టర్ ఉన్నది. పెద్ద రెక్కలు మెల్లగా తిరిగినా అంతే గాలి ఇస్తాయి. డబ్బా మీది డెసిబెల్ అంకెలు నమ్మకండి, ఒక్కొక్కరు ఒక్కో దూరం నుంచి కొలుస్తారు. క్యాబినెట్‌లో ఎత్తు సరిపోతుందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి, ఇవి చాలావరకు 150 నుంచి 160 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. ఎల్‌జీఏ 1700 (ఇంటెల్ ప్రాసెసర్ సాకెట్ రకం) బోర్డయితే దానికి తగ్గ బ్రాకెట్ కావాలి, దీనికి ముందు వచ్చిన ఎల్‌జీఏ 1200లో 75 మిల్లీమీటర్లున్న రంధ్రాల దూరం ఇందులో 78. బిగించాక బయోస్‌లో ఫ్యాన్ స్పీడు పెరగడానికి రెండు మూడు సెకన్ల ఆలస్యం పెట్టండి, ఊరికే లేచి పడటం ఆగుతుంది. మే నెలలో గది 38 డిగ్రీలుంటే ఏ కూలరైనా అంతకంటే చల్లబరచలేదు. అయినా అప్పుడు సీలింగ్ ఫ్యాన్ హోరులో ఇది వినపడదులెండి.

పాత ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు మీది కూలర్ తీసేవాళ్లు మాత్రం సిస్టమ్‌ను పది నిమిషాలు నడిపి, ఆపి, పేస్ట్ వెచ్చగా ఉండగానే అటూ ఇటూ తిప్పి లాగండి. లేదంటే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని వచ్చేస్తుంది.